తొమ్మిదో రీలు ముక్క

కోరుట్ల,
వినాయక చవితి తెల్లవారి.

బాలవ్వకు ముత్యం రాసేది. ఇక్కడ నేను పాణంతో ఉన్నాను. అక్కడ నువ్వు కూడా ఉన్నావని పోయినేడు వచ్చిన నీ ఉత్తరం చెప్పింది. క్షేమం ఇంతే. ఇక నా తకరారు విను.

ముప్పై ఎనిమిది ఏండ్ల కింద, మ్యాట్నీ ఆట నడుస్తుండగా, నాలుగు వందల మంది నడుమ నుండి నువ్వు లేచిపోయావు. టాకీసు ఆపరేటర్ భార్యవు. ఆడవాళ్ళ బల్లలు ఎత్తు మీద ఉండేవి కదా, నీ తల నీడ తెర మీద పడింది. "కూసో అవ్వా, కూసో" అని జనం ఒర్లారు. నువ్వు కూర్చోలేదు. వెనక్కి తిరిగి పైన నా క్యాబిన్ కంత దిక్కు ఒక్కసారి చూసి బయటికి నడిచావు. ఆట అయినాక ఇంటికి వస్తే తలుపుకు గొళ్ళెం. చందుర్తి మీదుగా పోయే బస్సెక్కి సిరిసిల్లలో మీ తమ్ముని ఇంటికి పోయావని పక్కింటివాళ్ళు చెప్పారు. మరునాడు గేటు కాడ ఉండే శ్రీశైలం నలుగురిలో అడిగాడు. "ఏందన్నా, వదినెకు సిన్మ నచ్చలేదా, నువ్వు నచ్చలేదా?" ఆ మాట నేను ఇన్నేండ్లు మోశాను. నువ్వు పోయినందుకు కాదు, నడుమ పోయినందుకు నాకు కోపం. ఆట అయ్యేదాకా కూర్చొని, ఇంటికి వచ్చి, నన్ను నాలుగు తిట్టి పోతే నేనే బస్టాండు దాకా వచ్చి ఎక్కించేవాణ్ని.

నా తకరారు అయిపోయింది. ఇప్పుడు నీ ఉత్తరం సంగతి. పోయిన బతుకమ్మ పండుగకు మీ తమ్ముని కోడలు సౌమ్య చేత రాయించి పంపావు. నాలుగు వరుసలు, మూడు ప్రశ్నలు. కండ్ల ఆపరేషన్ అయిందా? ఎవరు వండిపెడుతున్నారు? మూడోది నువ్వు చెప్పినట్టే రాసింది ఆ పిల్ల: "ఆ ముక్క ఏంజేసినవ్? నేను దాని కోసమే అచ్చిన." మొదటి రెండింటికి అదే వారం జవాబు రాసేవాణ్ని. మూడోదాని కాడ కలం ఆగి ఏడాది అయింది. దానికి జవాబు చివర్లో చెబుతాను. ముందే చెప్పమంటే నాతో కాదు.

నా రాత చూసి నవ్వకు. నేను బడికి పోలేదని నీకు తెలుసు. వాల్‌పోస్టర్ల మీద, రీళ్ళ డబ్బాల మీద చూసి అక్షరాలు పట్టుకున్నవాణ్ని. మాటలు పోస్టరు మీద ఉన్నట్టు ఉంటే అందుకే.

కండ్ల ఆపరేషన్ రెండు కండ్లకూ అయింది. సూదిలో దారం ఎక్కించగలను. వండేది కల్పన, నా తమ్ముడు రాజేందర్ బిడ్డ. వాడు ఇంకా దుబాయిలోనే ఉన్నాడు. పిల్ల మన ముందరి అర్రలో కుట్టుమిషన్లు పెట్టుకొని దుకాణం నడుపుతుంది, పూటకింత నాకు పెడుతుంది. ఉప్పు తక్కువ వేస్తుంది. డాక్టర్ చెప్పాడట. నువ్వైతే డాక్టర్ చెప్పినా వేసేదానివి.

ఆపరేషన్ అయినాక నెల దినాలు బయటికి పోవద్దన్నారు. గోడ చూస్తూ కూర్చుంటే కల్పన టీవీ పెట్టింది.

"పెద్దబాపు, నువ్వు ఆడిచ్చిన పాత సిన్మలన్ని దీంట్ల ఉన్నయ్. ఏది పెట్టాలె చెప్పు."

"నాకేం ఎరుక? నేనేం చూసిన్నా?"

పిల్ల నమ్మలేదు. నిజం బాలవ్వా, ముప్పై ఒక్క ఏండ్లు సినిమాలు ఆడించాను, ఒక్కటి చూడలేదు. మిషను మోతలో మాటలు సగం వినపడవు. కంతలో నుండి చూసేది బొమ్మను కాదు, బొమ్మ పైన కుడి మూలను. అక్కడ చుక్క మెరిసిందంటే ఈ రీలు అయిపోవచ్చింది, రెండో మిషను ఎత్తుకోవాలి. ఆ చుక్క తప్పిపోతే తెర తెల్లగా అవుతుంది, బల్లలు విరుగుతాయి. చుక్క చూసీ చూసీ నా మెడ అటే తిరిగి ఉండిపోయింది.

మొదటి దినం టీవీ ముందు కూడా అట్లనే కూర్చున్నాను. కల్పన పక్కకు వచ్చింది.

"గా మూలకు ఏం చూస్తున్నవ్ పెద్దబాపు? బొమ్మ నడుమల ఉన్నది."

"చుక్క అస్తది."

ఆ మాట అంటుండగానే వచ్చింది. పాత సినిమాల్లో ఆ చుక్కలు ఇంకా ఉన్నాయి. నేను కుర్చీలో నుండి లేచి నిలబడ్డాను, చేయి గోడ మీదికి పోయింది. పిల్ల పడిపడి నవ్వింది.

"కూసో, కూసో. నువ్వు మార్చకున్నా నడుస్తది."

అట్లా ఈ ఏడాది అంతా ఆదివారానికి ఒకటి చూశాను. కల్పన ఒక నోట్‌బుక్కు ఇచ్చింది. నచ్చితే ఒక టిక్కు, బాగా నచ్చితే రెండు. అన్నదమ్ములు బావి పంచుకునే సినిమా నీకు యాదికుండాలి, మన పెండ్లయిన ఏడాది వంద రోజులు ఆడింది. నాకు మాత్రం అది నాలుగో రీలు అంచు చినిగిన సినిమా, అంతే. అందులో పెద్దన్న ఒర్లుడే వినపడేది, దుర్మార్గుడు అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ ఇంట్లో మంచోడు వాడొక్కడే. నీళ్ళు తమ్మునికి వదిలి, ఎండిన మడి గట్టు మీద కూర్చొని చుట్ట కాలుస్తాడు. మాట ఉండదు. రెండు టిక్కులు.

దర్జీ సినిమా ఇంకొకటి. పెండ్లికొడుకు ప్యాంటు, పోలీసాయన ప్యాంటు తారుమారు అవుతాయి. ఆ రీలు వచ్చినప్పుడల్లా కింద జనం నవ్వితే క్యాబిన్ నేల అదిరేది. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలిసేది కాదు, సరిగ్గా అప్పుడే నేను మిషను దీపంలో కార్బన్ పుల్ల మార్చుకునేవాణ్ని. ఇప్పుడు ఒక్కణ్నే కూర్చొని నవ్వాను. కల్పన కుట్టుడు ఆపి ఉరికొచ్చింది.

"ఏమైంది పెద్దబాపు?"

"ప్యాంట్లు మారినయ్ బిడ్డా."

"నలపై ఏండ్లకు నవ్వస్తుందా నీకు?"

"గప్పుడు డ్యూటీల ఉంటి."

ఉగాదికి జగిత్యాలకు కొత్త సినిమాకు తీసుకపోయింది. సన్నాయి ఊదే ముసలాయన కథ. ఊపిరి అందక సొంత మనుమరాలి పెండ్లిలో ఊదలేకపోతాడు. అందరూ మన మాటే మాట్లాడారు. మా కాలంలో తెర మీద మన మాట మాట్లాడినవాడు దొంగో, నవ్వించేవాడో అయ్యేవాడు. దానికీ రెండు టిక్కులు పెట్టాను. ఆట అయినాక ఆపరేటర్‌ను కలుస్తానని గేటు దగ్గర అడిగాను. అక్కడ నిలబడ్డాయన నవ్వాడు.

"ఆపరేటర్ లేడు తాతా. అంత కంప్యూటరే."

"మరి తెగితె ఎవలు అతికిస్తరు?"

"తెగది తాతా."

తెగని సినిమా ఉంటుందా బాలవ్వా? దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చాను.

మన టాకీసు ఇప్పుడు పసుపు బస్తాల గోదాము. తెర ఉన్న గోడ అట్లనే ఉంది, బస్తాల వెనుక.

ఇక నీ మూడో ప్రశ్న.

పోయిన శ్రావణ శుక్రవారం కల్పన ఒక సినిమా పెట్టబోయి పేరు చదివింది. "ఇది కోరుట్లల ఆడలేదా పెద్దబాపు? నీ నోటెంట ఎన్నడు ఇనలే." ఆడింది, పెట్టు అన్నాను. పిల్లకు తెలియదు. అప్పటికి అది పుట్టలేదు. నీకు తెలుసు ఏ సినిమానో.

ముందు మన లత పోయిన దినం చెప్పాలి. ఆ పేరు రాయడానికి ఈ కాగితం మీద ఇంత దూరం వచ్చాను. నాలుగున్నర ఏండ్ల పిల్ల, మెదడు జ్వరం. పొద్దున నేను డ్యూటీకి పోయేటప్పుడు కండ్లు తెరిచి చూసింది, తగ్గుతుందిలే అనుకున్నాను. మ్యాట్నీలో శ్రీశైలం మెట్లెక్కి వచ్చాడు. "అన్నా, ఇంటికి రమ్మంటుండ్రు. పోరికి మంచిగ లేదట." నేను కంతలో నుండి కండ్లు తీయకుండా "ఈ రీలు అయిపోనీ" అన్నాను. ఇంటర్వెల్‌కు ఆరు నిమిషాలు ఉంది. ఆరు నిమిషాలు, బాలవ్వా. ఈ సంగతి నేను నీకు చెప్పలేదు. శ్రీశైలం నన్ను వెతికి ఆలస్యం చేశాడని చెప్పాను. వాడు వెతకలేదు. నా పక్కన నిలబడే ఉన్నాడు.

నేను వచ్చేసరికి నువ్వు గడప మీద పిల్లను ఒళ్ళో పెట్టుకొని ఉన్నావు. "నిన్ను అడిగింది" అన్నావు. అంతే. దాని తరువాత నువ్వు నాతో మాట్లాడలేదు, ఏడ్వలేదు. వాడకట్టు అవ్వలు వచ్చి నీ మెడ పట్టుకొని రాగం తీసి ఏడ్చిపోయారు, నీకు మాత్రం నీళ్ళు రాలేదు. ఏడ్వని తల్లి బతకదని వాళ్ళు భయపడ్డారు.

పదహారు దినాలకు ఆ సినిమా వచ్చింది. తొమ్మిదో రీలులో పిల్ల చనిపోతుంది. తండ్రి పొలం నుండి ఆలస్యంగా వస్తాడు. తల్లి గడప మీద కూర్చొని "నిన్ను అడిగింది" అంటుంది. నువ్వు అన్న మాటే. మిషను మోతలో మాటలు సరిగ్గా వినపడని నాకు ఆ మాట వినపడింది. మొదటి దినం మూడు ఆటలు విన్నాను. నాలుగో ఆటకు ముందు కత్తెర తీసుకొని, ఆ మాట కాడి నుండి మూడు నిమిషాల ముక్క కోసేశాను. మల్లాపూర్ ఆఖరి బస్సు జనానికి దొరకాలంటే కోయాల్సిందేనని ఓనరుకు చెప్పాను. అది అందరం చేసే పనే. ప్రింటు పక్క ఊరికి పంపేటప్పుడు కోసినవన్నీ తిరిగి అతికించి పంపాలి, అది ఆపరేటర్ ధర్మం. ఆ ఒక్క ముక్క నేను అతికించలేదు. పెట్టె జగిత్యాలకు అట్లనే పోయింది.

ముక్క కోసిన మరునాడే నువ్వు వచ్చావు. ముందు దినం చూసిన ఆడవాళ్ళు చెప్పి ఉంటారు, ఆ సీను చూస్తే ఏడుపు వస్తుందని, గుండె బరువు దిగుతుందని. పిల్ల పోయి పదిహేడు దినాలు. నలుగురు ఆడవాళ్ళ నడుమ నువ్వు బల్ల మీద కూర్చున్నది పై నుండి చూసి, ఈమెకు సినిమా చూడబుద్ధి ఎట్లా పుట్టిందని తిట్టుకున్నాను. తొమ్మిదో రీలు ఎక్కించాను. గడప వచ్చింది, తల్లి తల ఎత్తింది, అక్కడ ఎగిరిపోయి వరి కోతల పాట వచ్చింది. నువ్వు లేచావు.

ఇన్నేండ్లు నేను ఆ ముక్కలో ఉన్నది నన్ను తిట్టే మాట ఒక్కటే అనుకున్నాను. మూడు ఆటల్లో ఆ మాట కాగానే కంత విడిచి గోడ దిక్కు తిరిగేవాణ్ని. దాని తరువాత ఏముందో నాకు తెలియదు. మొన్న చూశాను. తండ్రి గడప ముందర కూలబడతాడు.  తల్లి వాని కాళ్ళ దిక్కు చూస్తుంది. మోకాళ్ళ దాకా బురద. "పరిగెత్తి వచ్చావా?" అంటుంది. ఆ మాటకు ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తారు.

కల్పన టీవీ ఆపేసింది. "ఏమైంది పెద్దబాపు, ఏమైంది చెప్పు" అని నా రెక్క పట్టుకొని ఊపింది. నేను చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

ఆ దినం నేను ఉరికివచ్చాను. ఆరు నిమిషాలు ఆగినవాణ్నే, మెట్లు దిగినాక మాత్రం ఉరికాను. బస్టాండు కాడ ఒక చెప్పు ఊడిపోయింది, తీసుకోలేదు. గాజుపెంక దిగి మడమ తెగింది. గడప ముందర నిలబడ్డప్పుడు కాలు నెత్తురు కారుతుండె. ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. ఆ కాలు సంగతి అడిగే మాటను నేనే కోసి డబ్బాలో పెట్టాను.

నీ ప్రశ్నకు జవాబు: ముక్క నా దగ్గరే ఉంది. రెండు వందల డెబ్బై అడుగులు, పసుపు బట్టలో చుట్టి, రీలు డబ్బాలో. సిర్కా లెక్క పుల్లటి వాసన వస్తుంది, రంగు ఎర్రబడింది. ఇంకో ఏడాది ఉండదు. ఏ మిషను మీదా ఇక ఎక్కదు, మాట రాదు. ఎండకు పట్టి చూస్తే బొమ్మ కనిపిస్తుంది. గడప, తల్లి, ఆ కాళ్ళు.

పెత్రామాస ఆదివారం వస్తుంది. పెద్దలకు బియ్యం ఇచ్చే దినం. చిన్నపిల్లలకు ఇవ్వరని ఆనాడు అందరూ అన్నారు, నేను సరే అన్నాను. ఈ ఏడు లత పేరున ఇస్తాను, ఎవరు ఏమన్నా. ఆ డబ్బా చంకన పెట్టుకొని సిరిసిల్లకు వస్తాను. మీ తమ్ముని ఇంట్లోకి రాను, వాకిట్లో ఎండ ఉంటే చాలు. రావద్దంటే రాను.

ఒక్కటి చెప్పు. గడప మీద కూర్చొని ఉన్నప్పుడు నువ్వు నా కాలు చూశావా, లేదా? చూసి ఊరుకున్నావా? చూశానని చెప్పడానికే ఆ మ్యాట్నీకి వచ్చావా? ఇది నీకు చదివేది సౌమ్యే, జవాబు మాత్రం ఆమెతో రాయించకు. నీకు రాయరాదు, అయినా సరే, చూస్తే ఒక టిక్కు పెట్టి పంపు, చూడకుంటే ఉత్త కాగితం పంపు. పెత్రామాసకు ముందటి శుక్రవారం నాటికి అది నా చేతిలో ఉండాలి. శుక్రవారం దాటనీయకు.

ఇట్లు,
లత బాపు