టెస్టు నీళ్ల బరువు

అప్పారావు మామా,

ఈ రోజు అచ్యుతాపురంలో మా కంపెనీ కొత్త ఆవిరి పైపులో లీకుల టెస్టు కోసం నీళ్లు నింపాం. కింది పునాదుల్లో ఒక్కటీ కదల్లేదు. నువ్వుంటే ఒక్కోదాన్నీ అరచేత్తో తట్టి చూసేవాడివి.

పాత పైపుకి పునాదులు కట్టిన మేస్త్రీవి నువ్వు, లెక్క వేసిన ఇంజనీర్ని నేను. పైపు బరువు, గాలి ఒత్తిడి, వేడికి సాగిన పైపు నెట్టే బలం, అన్నీ రాశాను. ఆవిరికి బరువేముంటుందిలే అని దాని దగ్గర సున్నా వేశాను. నువ్వు పునాది గోతిలోంచే అడిగావు.

"ఆవిరి సరేగాని అల్లుడూ, టెస్టుకి నీళ్లు నింపుతారు గదేటి? ఆ బరువెవుడు మోత్తాడు?"

"నువ్వు కాంక్రీటు సంగతి చూసుకో మామా" అన్నాను. అప్పటి నా పొగరు అలాంటిది.

టెస్టు రోజున మూడు పునాదులు కుంగి పైపు వంగిపోయింది. మేస్త్రీ పనే నాసిరకమన్నారు. లెక్క కాగితం నా చేతిలోనే ఉంది. నోరు విప్పలేదు. నిన్ను పనిలోంచి తీసేశారు. మునగపాక నుంచి కంపెనీ బస్సులో రోజూ నీ పక్కన కూర్చుని వచ్చినవాణ్ణి, నువ్వు పోయాక కూడా మీ గుమ్మం తొక్కలేకపోయాను.

ఈసారి లెక్కలో మొదటి వరసలోనే నీళ్ల బరువు రాశాను. టెస్టు అయ్యాక మేనేజర్ నా భుజం తట్టి, "ఇది మీకెలా తట్టిందండీ?" అన్నారు.

"అనుభవం సార్" అన్నాను.

ఈసారి కూడా నీ పేరు చెప్పలేదు మామా.