పది బంతులు, రెండు తెల్లరాళ్ళు

1984 జూలై 1, ఆదివారం

ఉదయం 8.10. ఫ్యాక్టరీ కాలనీ క్లబ్బు గోడమీది పలక చదివాను. ఆరేళ్ళుగా అక్కడే ఉంది. కోపం మాత్రం ఈరోజే వచ్చింది. "ఆదివారం ఉదయం స్త్రీలు గోల్ఫ్ ఆడరాదు. ఆట ఆలస్యమగును." మాకిచ్చింది మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలు. తిరుత్తణి ఎండలో ఆ వేళకు మేకలు కూడా మేయవు.

8.30. సెక్రటరీ బాలసుబ్రమణ్యం గారితో వాదన. ఆయన ఫ్యాక్టరీలో స్టోర్స్ మేనేజరు, కోయంబత్తూరు మనిషి, ఇక్కడికొచ్చి ఏడు నెలలు. ఆడవాళ్ళ మొదటి దెబ్బ ఎటు పోతుందో వాళ్ళకే తెలియదట. బంతి వెతుకుతూ కూర్చుంటే వెనకవాళ్ళందరూ ఆగిపోవాలట. పేరు చెప్పలేదు కానీ నా గురించే. నేను కొట్టిన బంతి కుడికి వంగి, పక్కనున్న రోడ్డు దాటి, వేరుశనగ చేలో పడడం కాలనీ అంతా ఎరిగిన దృశ్యం.

పరీక్ష పెట్టండి అన్నాను. (ఆ మాట అన్నది నేనేనా?)

ఒప్పుకున్నారు! ఆట మొదలుపెట్టే మొదటి గట్టు మీదనుంచి డ్రైవర్‌తో, అంటే సంచిలో అన్నిటికంటే పొడుగు కర్రతో, పది బంతులు. ఆరు బంతులు ఎదురుగా ఉన్న రెండు తెల్లరాళ్ళ మధ్య పడాలి. పడితే పలక తీసేస్తారు, ఆడేవాళ్ళం నలుగురమూ ఆదివారం ఆడొచ్చు. పడకపోతే ఇక ఎవరూ అడగకూడదు. 15నా, 22నా అన్నారు. సాధనకు ఇంకో వారం దొరుకుతుందని 22 అన్నాను.

తీర్మానం:
1. రోజూ ఉదయం 5.40కి గట్టు మీద.
2. రోజుకు యాభై బంతులు.
3. దెబ్బ పడేదాకా తల ఎత్తకూడదు.
4. సందేహించకూడదు.

నాలుగోది ఫిలాసఫీలో ఎం.ఏ. చేసిన మనిషి రాయదగ్గది కాదు. అయినా రాశాను.

జూలై 2, సోమవారం

5.40. కుచ్చిళ్ళు ఎత్తి దోపాను. గాజులు తీసి రుమాల్లో కట్టాను. ఏళుమలై రోడ్డు మీద నిలబడి బంతులు ఏరాడు. ఈ ఎర్రమట్టి మైదానం చూసుకునేది ఆయనే. అరవై దాటాయి. ఏనాడూ కర్ర పట్టలేదు, అందరి తప్పులూ మాత్రం ఆయనకు తెలుసు.

లెక్క: రాళ్ళ మధ్య 9. కుడికి 31. ఎడమకు 2. గాలికి 8.

గాలికి అంటే బంతిని తాకలేదని అర్థం. ఆ ఎనిమిదీ పక్కకు పోలేదని కూడా గమనించాలి.

మొదటి రోజుకు తొమ్మిది! రోజుకు రెండు పెరిగినా 22కల్లా యాభైలో నలభై తొమ్మిది. ఆ ఒక్కటీ వదిలేసుకోగలను.

జూలై 4, బుధవారం

నటరాజ్ (మొగుడు, ఫ్యాక్టరీ ఇంజనీరు, అడక్కుండానే సలహాదారు) ఒక పుస్తకం ఇచ్చారు. కొట్టేముందు గుర్తు పెట్టుకోవలసినవి ఇరవై మూడు. ఎడమ మోచేయి నిటారుగా, కుడి మోచేయి నడుముకు, బరువు మడమకు, చూపు బంతికి. పదిహేడోది గుర్తొచ్చేసరికి తిరుపతి పాసింజరు వెళ్ళిపోయింది.

రాళ్ళ మధ్య 4.

జూలై 6, శుక్రవారం

పుస్తకం తిరిగి ఇచ్చేశాను. లయ కావాలి. మా పుట్టింట్లో నాలుగు మగ్గాలు. పదిహేనేళ్ళు ఆ చప్పుడులోనే చదువుకున్నాను. దాన్ని తలచుకుంటూ కొడితే నిలకడ దానంతటదే వస్తుందనిపించింది. నిన్నటి నుంచీ ఈ ఆలోచన మీద చాలా గర్వంగా ఉన్నాను.

5.50 నుంచి 6.20 వరకు. మగ్గం చప్పుడు చక్కగా గుర్తొచ్చింది. బంతికి రాలేదు.

రాళ్ళ మధ్య 7.

జూలై 9, సోమవారం

ఏళుమలైని అడిగేశాను, నా తప్పేమిటని. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"కర్ర ఎత్తేది బాగుండాదమ్మా. దించేది గూడా బాగుండాది. కాకపోతే కొట్టకముందే బంతి యాడికి పోయిందా అని నువ్వు చూస్తా ఉండావు."

ఆరేళ్ళు యూనివర్సిటీల్లో చదివాను. నా గురించి ఇంత క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు.

రాళ్ళ మధ్య 16!

జూలై 11, బుధవారం

6.05. బంతి కుడికి పోయి, సైకిల్ మీద వస్తున్న పాల వెంకటముని క్యానుకు తగిలింది. గుడిగంటలా మోగింది. పరుగెత్తాను. క్యాను సొట్ట పడింది. పాలు ఒలకలేదు. అతను సైకిల్ దిగి, రోడ్డు పక్కన కూర్చుని, మంచినీళ్ళు అడిగాడు. జానెడు పైకి వచ్చుంటే నా మొహమే గదక్కా అన్నాడు. కోపంగా అనలేదు. అదే మనసులో ఉండిపోయింది.

ఈరోజు పన్నెండు బంతులతో ఆపేశాను.

జూలై 14, శనివారం

రాళ్ళ మధ్య 31! యాభైలో ముప్పయ్యొకటి!! పదికి ఆరు లెక్కన ముప్పయ్ చాలు. ఒకటి మిగులు.

4.00. కాలనీ స్కూలు హెడ్మిస్ట్రెస్ సరసమ్మ గారి ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆమె బంతి నలభై గజాలు దాటదు, అయినా ఆదివారం ఆడాలని నాలుగేళ్ళుగా అర్జీలు పెడుతున్నారు. మంగళవారం స్కూలు విడిచిపెట్టి ఆమె ఎలా వస్తారు? ఇన్నాళ్ళకు మాలో ఒకరికి గురి కుదిరింది కోకిలా అంటూ మైసూర్‌పాక్ పెట్టారు. మూడు తిన్నాను.

జూలై 17, మంగళవారం

నిన్న సాధన లేదు. కారణాలు:
శనివారం గురి కుదిరింది, అలవాటైనదాన్ని కెలక్కూడదు.
ఆడి (తమిళుల ఆషాఢం) గాలి.
బొటనవేలు.
మైసూర్‌పాక్.

ఈరోజు 6.25కి వెళ్ళాను. రాళ్ళ మధ్య 15. గాలి వల్లే. (ఆకు కదల్లేదు.)

జూలై 20, శుక్రవారం

రాళ్ళ మధ్య 22. నిలకడ లేదని ఎవరనగలరు? సగానికి పైగా బంతులు రోజూ ఒకే చోట పడుతున్నాయి. ఆ చోటు రాళ్ళ మధ్య లేదు, అంతే. వేరుశనగ చేలో కలుపు తీసేవాళ్ళు సద్దిగిన్నెలు అవతలి గట్టుకు మార్చుకున్నారట. నా ఆటను నమ్మింది వాళ్ళొక్కరే.

జూలై 21, శనివారం

10.00. వంట చేసే చెంగమ్మ మూడు రోజులు సెలవడిగింది. రేపు భరణి, ఎల్లుండి ఆడి కృత్తిక. అక్కతో కలిసి పూల కావడి ఎత్తుకుని కొండమీది స్వామి గుడికి నడుస్తుందట.

రేపు భరణి! మైదానం పక్క రోడ్డంతా జనమే. బాలసుబ్రమణ్యం గారికి తెలియదు, పరాయి ఊరాయన. నేను పుట్టిందే ఈ కొండ కింద. తేదీ ఎంచుకున్నదీ నేనే. అప్పుడు గుర్తు లేదు.

గుర్తు లేదనే అనుకుంటున్నాను.

జూలై 22, ఆదివారం

7.00. మొదటి గట్టు. కమిటీ వాళ్ళు ముగ్గురు, నటరాజ్, సరసమ్మ గారు, ఏళుమలై. రోడ్డు నిండా పసుపు బట్టలు, పూల కావళ్ళు, డోళ్ళు, అరోహరా కేకలు.

7.05. జనం దూరంగానే ఉన్నారు, కొట్టండి అన్నారు బాలసుబ్రమణ్యం గారు. నేను కర్ర దించాను. మొక్కు తీర్చుకోవడానికి నడిచేవాళ్ళ మీదికి ఒక పలక కోసం బంతి విసరలేనన్నాను. భక్తులకూ వారి గమ్యానికీ మధ్య నా అహం అడ్డు నిలవరాదని నిశ్చయించుకున్నాను.

7.40. ఆయన పుస్తకంలో 'కొట్టలేదు' అని రాసుకుని మూసేశారు.

మనసు తేలిగ్గా ఉంది.

జూలై 23, సోమవారం

కృత్తిక. సాధన లేదు. పండగ రోజు కర్ర పట్టడం బాగుండదు.

పొద్దుటినుంచీ వచ్చినవాళ్ళందరూ మెచ్చుకుంటున్నారు. డాక్టరు గారి భార్యకు కళ్ళనీళ్ళు తిరిగాయట. మహిళా సంఘంలో శుక్రవారం మాట్లాడమన్నారు. విషయం: ఆటలో మానవత్వం. మూడు పేజీలు రాశాను. వెంకటముని క్యాను కూడా వేశాను, ఇంకొంచెం పెద్ద సొట్టతో.

జూలై 24, మంగళవారం

క్లబ్బు గోడమీద పాత పలక కింద కొత్త కాగితం, టైపు చేసి, సంతకం పెట్టి:

"శ్రీమతి కోకిలా నటరాజ్ గారి సూచన మేరకు, రోడ్డుపై పోయే ప్రజల క్షేమం దృష్ట్యా, స్త్రీలు ఆదివారములు ఆడకుండుటకు సమ్మతించియున్నారు."

సరసమ్మ గారు కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఇది నువ్వు చెప్పినావా?"

అలా కాదండీ అన్నాను.

"ఇంకెట్ల?"

 ఆమె గొడుగు తెరుచుకుని స్కూలుకు వెళ్ళిపోయారు.

జూలై 25, బుధవారం

కర్రల సంచి బియ్యం డ్రమ్ము వెనక పెట్టాను. గోల్ఫ్ అసలు మన ఆట కాదు. వీణ నేర్చుకోవచ్చు.

జూలై 26, గురువారం

చెంగమ్మ ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. గుండు, గుండు మీద గంధం, మొహం నిండా వెలుగు. ప్రసాదం ఇచ్చి, కూరగాయలు ముందేసుకుని, ఊరికే మాటవరసకు చెప్పింది.

"ఆ పొద్దు నీ ఎనకపక్కనే గదమ్మా మేము మజ్జిగ పందిట్లో కూచోనుంటిమి. అందరూ ఆడనే దిగిపోయినారు. రోడ్డు మీద కాకి గూడా లేదు. అదో మా అమ్మ, ఇప్పుడు కొడతాది చూడు అని మా అక్కకి చూపిస్తిని. చూసి చూసి మా అక్క రెండు చెంబులు తాగేసింది. ఏమ్మా, కొట్టనే లేదే?"

మజ్జిగకు ఎంతసేపు పడుతుంది, రెండు నిమిషాలేగా అన్నాను.

"పది నిమిషాలకి తక్కవ లేదమ్మా. ఎండ గదా."

జూలై 27, శుక్రవారం

కాఫీ దగ్గర నటరాజ్‌ను అడిగాను, ఆ రోజు మధ్యలో రోడ్డు ఖాళీ అయిందా అని. పేపరు దించకుండానే అయిందన్నారు.

మరి నాకు చెప్పలేదేం?

"అందరూ మెచ్చుకుంటా ఉంటే ఎట్ల చెప్పేది?"

ఆదివారం రాసింది మళ్ళీ చదివాను. చాలా మంచి తెలుగు. అక్కడే అనుమానం రావలసింది. 7.05 తర్వాత 7.40. మధ్య ముప్పయ్యైదు నిమిషాలు ఆ పేజీలో లేవు.

ఇప్పుడు రాస్తాను. మొదట నిజంగానే కొట్టలేకపోయాను. వెంకటముని మొహం కనిపించింది. అంతవరకు అబద్ధం లేదు. 7.15 ప్రాంతంలో రోడ్డు ఖాళీ అయింది. చూశాను. అందరూ చూశారు.  అంతసేపూ జనం ఉన్నారు కాబట్టి కొట్టలేదు. ఇప్పుడు జనం లేరు, నేనే ఉన్నాను. కొట్టకుండా ఉన్నంతసేపు ఓడిపోలేదు కదా. కర్ర పట్టుకుని మళ్ళీ డోళ్ళ చప్పుడు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి నిలబడ్డాను. వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. వెంటనే వెళ్ళి ఆ గొప్ప మాటలు రాశాను.

నా పరువుకు మరో ముగ్గురి ఆదివారాలు పోయాయి.

3.00. ఆటలో మానవత్వం రద్దు. గొంతు బాగాలేదని కబురు పంపాను. గొంతు బాగానే ఉంది. (ఈ అబద్ధం చివరిది.) (చిన్నది కూడా.)

జూలై 29, ఆదివారం

8.05. క్లబ్బు. మగవాళ్ళు పదిమందీ వరండాలో ఉన్నారు. సరసమ్మ గారిని కూడా పిలిపించాను. దారిలో మూడుసార్లు వెనక్కి తిరగబోయాను. నటరాజ్ ఏమీ అనకుండా పక్కనే నడిచారు. ఆయన ఇచ్చిన మొదటి మంచి సలహా అది.

8.15. చెప్పేశాను. రోడ్డు ఖాళీ అయిందని, చూశానని, కొట్టలేదని. బాలసుబ్రమణ్యం గారు ఎందుకని అడిగారు. భయం అన్నాను. జనం గురించా అన్నారు. కాదు, ఆరు పడవేమోనని.  ఎవరో దగ్గారు.

ఆ కాగితంలో పేరు నాది, మాట నాది కాదు, తీసేయండి అన్నాను. సంతకమైపోయింది అన్నారు ఆయన. సరసమ్మ గారు లేచి, కాగితం మూల పట్టుకుని జాగ్రత్తగా ఊడదీసి, మడిచి, చేతిసంచిలో వేసుకున్నారు. హెడ్మిస్ట్రెస్‌ను ఎవరాపుతారు?

కొత్త పరీక్ష అడిగాను. ఆయన పుస్తకం చాలాసేపు తిరగేసి ఆగస్టు 19 అన్నారు. ఇదే ఆఖరు అన్నారు.

"ఆ రోజూ రోడ్డు మీద మనుషులుంటే?"

"పోయేదాకా నిలబడతాను. పోయినాక కొడతాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి రోడ్డువైపు చెయ్యి చూపించారు.

"ఇప్పుడు ఎవరూ లేరు గదమ్మా."

ఇద్దరు నవ్వారు. నేను నటరాజ్ సంచిలోంచి డ్రైవర్ తీసుకుని గట్టెక్కాను. గాజులు తియ్యలేదు, కుచ్చిళ్ళు దోపలేదు.  కొట్టాను. బంతి బాగా లేచింది. లేచి, తీరిగ్గా కుడికి వంగి, రోడ్డు దాటింది.  ఇంకోటి ఇమ్మని ఏళుమలైకి చెయ్యి చాపాను.

తీర్మానం: రేపు 5.40. యాభై బంతులు. ఇరవై రోజులున్నాయి.

ఈరోజు కొట్టినవి 2. రెండూ కుడికే. రోడ్డు మీద ఎవరూ లేరు, చూసుకునే కొట్టాను.