గుండీల లెక్క

బ్రాంచి లైబ్రేరియన్ గారికి,

ప్రధాన గ్రంథాలయం ఖర్చుల విభాగం గుమస్తా నమస్కరించి రాయునది.

మీ బ్రాంచి ఖర్చు మాకు కంటి మీద కునుకు లేకుండా చేస్తోంది. పాఠకుల రిజిస్టరు అచ్చు వేయించడం దండగని కిందటేడు మేమే ఆపించాం. దానికి బదులు మీరొక పద్ధతి పెట్టారు. లోపలికొచ్చే పాఠకుడు గుమ్మం దగ్గర గిన్నెలోంచి ఒక గుండీ తీసి డబ్బాలో వేస్తాడు. నెలాఖరుకు డబ్బాలో గుండీలన్నీ సంచీలో పోసి మాకు పంపుతారు. మేం లెక్కపెట్టి తిప్పి పంపుతాం. గుండీలు పక్క కొట్టు దర్జీ ఊరికే ఇచ్చాడు కాబట్టి పైసా ఖర్చు లేదని రాశారు. ఆ సంచీ రానూపోనూ అయ్యే తపాలా ఖర్చుతో రిజిస్టర్లు తోలు అట్టలతో వేయించవచ్చునని ఇప్పుడు తేలింది. అయినా పద్ధతి మా సూపరింటెండెంట్ గారికి నచ్చింది కాబట్టి అదే సాగుతుంది.

ఇకమీదట నెలకు వెయ్యి గుండీలు రాని బ్రాంచిని మూసేసి, లైబ్రేరియన్‌ను ప్రధాన గ్రంథాలయానికి పిలిపించుకోవాలని నిర్ణయమైంది. గమనించగలరు.

ఇట్లు,
పైసా పైసా చూసే గుమస్తా
(కార్బన్ ప్రతి సూపరింటెండెంట్ గారికి)

. . . . . . . . . .

తా.క.: ఈ చుక్కల గీత దగ్గర చింపి కింది ముక్క నీ దగ్గర ఉంచుకో. పైది ఫైల్లో పెట్టు. మూసేస్తారన్న మాట చూసి బెంగపడకు. మూస్తే నిన్ను పంపేది ఇక్కడికే. నీ బల్ల నా బల్ల పక్కనే వేయిస్తాను. పెళ్లయిన మరుసటేడు నిన్ను ఆ బ్రాంచికి వేశారా, అప్పటినుంచీ ఒక్కడికి అన్నం వండుకోవడం నాకు పట్టుబడలేదు. ఎప్పుడు వండినా ఇద్దరికి ఉడుకుతోంది.

---

ఖర్చుల విభాగం వారికి,

బ్రాంచి లైబ్రేరియన్ వినయంగా మొదలుపెట్టి రాసుకునేది. చివరిదాకా వినయం ఉంటుందని హామీ ఇవ్వలేను.

పెద్ద బల్బులు తీసేసి చిన్నవి పెట్టమన్నారు, పెట్టాం. సాయంత్రమైతే సన్నక్షరాల పుస్తకాల జోలికి ఎవరూ పోవడం లేదు. రెండు అలమారాలు అలా మూలపడ్డాయి. వాటి మీద పెట్టిన డబ్బు ఏ పద్దులో రాసుకుంటారో మీరే చెప్పాలి.

మా దగ్గరికి ఎవరొస్తారని మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. బస్సు డ్రైవరు వస్తాడు. డిపో నుంచి మార్కెట్టుకి, మార్కెట్టు నుంచి డిపోకి తప్ప ఆయన బస్సు ఎటూ పోదు. అందుకని ఓడ ప్రయాణాల పుస్తకాలు తప్ప వేరేవి ముట్టుకోడు. బేకరీ ఆవిడ వస్తుంది. అక్కడ పిండి పొంగేలోపు ఇక్కడ డిటెక్టివ్ నవలలో మూడు పేజీలు చదివి పరిగెడుతుంది. హంతకుడు దొరికేసరికి ఏడాది పడుతుంది. కోర్టు ప్యూను వంటల పుస్తకం పట్టుకెళ్లి, తిరిగిచ్చేటప్పుడు పేజీ మీద మరక చూపించి, "ఇది బాగా కుదిరిందండీ" అంటాడు. వీళ్లను గుండీల కింద లెక్కపెట్టడం నాకు కష్టంగానే ఉంది.

సెలవు,
మీ ఖర్చు పద్దు

. . . . . . . . . .

తా.క.: మీది చింపాను. నాదీ మీరు చింపండి. ఇంతకీ ఈ బ్రాంచి ఫోను తీసేయించింది ఎవరండీ? భలే పొదుపు చేశారని ఆఫీసులో మెచ్చుకున్నారట కూడాను. ఆ పొదుపులో నాకు మీ గొంతు పోయింది. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడి గురించి కథల్లో చదివానే గానీ కట్టుకుంటాననుకోలేదు. ఈ నెల సంచీ పంపుతున్నాను. లెక్క ప్రకారం ఏం చెయ్యాలో అది చెయ్యండి. నా మొహం చూసి మొహమాటపడొద్దు.

---

బ్రాంచి లైబ్రేరియన్ గారికి,

మీ సంచీ చేరింది. గుండీలు వెయ్యి దాటాయి. మీ బ్రాంచిని మూసే ప్రసక్తి లేదు. అభినందనలు.

ఇట్లు,
గుమస్తా
(కార్బన్ ప్రతి సూపరింటెండెంట్ గారికి)

. . . . . . . . . .

తా.క.: బేకరీ ఆవిడ గురించీ ప్యూను గురించీ అంత మురిపెంగా రాశావు. నా గురించి రాసింది కొమ్మ నరుక్కున్నవాడనే. పైగా మొహమాటపడొద్దన్నావు. నీకు అక్కడే బాగుందని అర్థమైంది. నువ్వు అల్లుకున్న గూడు పడగొట్టి నిన్ను తెచ్చుకుంటే నాకు మాత్రం ఏం సుఖం? అక్కడే ఉండు. నేను బాగానే ఉన్నాను. ఈమధ్య ఛాతీకి కాస్త చల్లగాలి తగులుతోంది, అంతే. పిన్నీసులు చవగ్గానే దొరుకుతున్నాయి.

---

ఖర్చుల విభాగం వారికి,

గుండీలు వెయ్యి దాటడం అసాధ్యమని ఈ బ్రాంచి గట్టి నమ్మకం. దయచేసి మీ కూడిక మళ్లీ సరిచూసుకోండి. లెక్కలో మీకు సాయం కావాలంటే ఇక్కడ రెండో తరగతి పిల్లలున్నారు.

సెలవు,
బ్రాంచి లైబ్రేరియన్

. . . . . . . . . .

తా.క.: మీరు తిప్పి పంపిన సంచీలోకి చూడబుద్ధి కాక అలాగే గిన్నెలో బోర్లించాను. పిన్నీసులు ఎందుకో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. నేను రాకపోయినా ఫరవాలేదని ఇంత తియ్యగా రాసిన మొగుణ్ణి నేనెక్కడా చూడలేదు. ఒంటరిగా ఉండటం అలవాటైపోయినట్టుంది మీకు. మీ పక్కన వేస్తానన్న బల్ల ఎవరికైనా ఇచ్చేయండి. ఈ నెల సంచీ కూడా పంపుతున్నాను. ఈసారి కళ్లజోడు పెట్టుకుని లెక్కపెట్టండి.

---

బ్రాంచి లైబ్రేరియన్ గారికి,

నా లెక్కను ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు. కళ్లజోడు పెట్టుకునే లెక్కపెట్టాను. ఈ నెలా వెయ్యి దాటింది. సంచీ తిప్పి పంపుతున్నాను. ఇష్టమైతే మీ రెండో తరగతి వాళ్ల చేత లెక్క పెట్టించుకోండి.

ఇట్లు,
గుమస్తా
(కార్బన్ ప్రతి సూపరింటెండెంట్ గారికి)

. . . . . . . . . .

తా.క.: బల్ల ఎవరికీ ఇవ్వను. దాని మీద నా టిఫిన్ డబ్బా పెట్టుకుంటున్నాను. మధ్యాహ్నం రెండు గ్లాసుల్లో నీళ్లు పోస్తున్నానని పక్క సీటాయన నవ్వుతున్నాడు. ఇది అలవాటైపోవడమో కాదో నువ్వే చెప్పు. కొన్నాళ్లుగా ఫైలు గుండెలకు హత్తుకుని నడుస్తున్నాను. పని మీద భక్తి అనుకుంటున్నారు.

---

ఏమండీ,

ఈసారి పైనా లేదు, కిందా లేదు. చుక్కల గీతా లేదు.

నిన్న దర్జీ వచ్చాడు. పెళ్లివారి చొక్కాలు కుట్టాలి, ఓ గుప్పెడు గుండీలు అప్పివ్వమన్నాడు. గిన్నెలో చెయ్యి పెట్టి, "అమ్మా, ఇవన్నీ నావి కావు. నావి కొత్తవి, వీటికి దారం ముక్కలున్నాయి" అన్నాడు. తీసి చూశాను. గోధుమరంగు గుండీ, దానికి ఎర్ర దారం. ఆ రోజు గోధుమరంగు దారం అయిపోతే, ఎవరు చూస్తారులే అని ఎర్ర దారంతో నేను కుట్టిందే. నీలం చొక్కావి, చారల చొక్కావి, మీ పెళ్లి చొక్కావి కూడా దొరికాయి. ఎప్పుడూ వేసే మూడు ముళ్లు వేశాను గదా, ఊడదీయడానికి ఎంత అవస్థ పడ్డారో. దర్జీ ముందరే ఏడ్చాను. మీ చొక్కాకి ఏదో అయిందనుకుని, "కొత్తది కుట్టిస్తానమ్మా" అన్నాడు పాపం.

ఖర్చులు తనిఖీ చేసేవాడే దొంగ గుండీలు కలిపాడు. కంచే చేను మేసిందని తిట్టాలి నేను. కానీ తిట్టే మొహం నాకూ లేదు. మీ మొదటి ఉత్తరం అందిన రోజునుంచీ రోజూ సాయంత్రం డబ్బాలోంచి ఒకటో రెండో తీసి నా టిఫిన్ డబ్బాలో వేసుకుంటున్నాను. వెయ్యికి తగ్గాలి, బ్రాంచి మూసేయాలి, నన్ను మీ దగ్గరికి తోలేయాలి. పైన బింకంగా రాసిందంతా ఫైలు కోసం. మొహమాటపడొద్దన్నది, మూసేయడానికి మొహమాటపడొద్దని. మీకు ఆమాత్రం తెలియదా?

పాఠకులంటే ప్రేమ లేక కాదు. బేకరీ ఆవిడకి హంతకుడెవరో చెప్పేసి వద్దామనుకున్నాను. కానీ ఇక్కడ నా గదిలో ఒకటే కుర్చీ ఉంది. రెండోది కొందామని కొట్టుకెళ్తాను, ఎవరు కూర్చుంటారని తిరిగొస్తాను. ఆ కుర్చీ ఖర్చు మిగిలినందుకు నాకు సంతోషం లేదండీ.

గుండీలు తీసింది నేనేనని సూపరింటెండెంట్ గారికి ఈ పూటే సంజాయిషీ రాసి పంపాను. మీరు కలిపిన సంగతి రాయలేదు. ఉద్యోగం పోతే పోనీ. ముందు చొక్కా మార్చుకోండి, జలుబు చేస్తుంది.

మీ
నేను

---

నీకు,

నీ సంజాయిషీ సూపరింటెండెంట్ గారికి చేరేసరికి నేనూ దొరికిపోయి ఉన్నాను. మీటింగులో ఆయన ఫైలు అడిగారు. ఇవ్వనన్నాను. లాక్కున్నారు. చొక్కా తెరతీసినట్టు రెండు వైపులకీ పోయింది. పిన్నీసులు ఆ పూట నన్ను మోసం చేశాయి. అంతా ఒప్పుకున్నాను.

ఆయన అలమారాలోంచి ఒక ఫైలు తీసి నా ముందు పెట్టారు. నా ఉత్తరాల కార్బన్ ప్రతులు. నీకు రాసిన ప్రతి తా.క. అందులో ఉంది. ఇద్దరికి ఉడికే అన్నంతో సహా. నా కాగితం నువ్వు చింపావు, నీది నేను చింపాను, చుక్కల గీత సంగతి కార్బన్ కాగితానికి ఎవరు చెప్పారు? ఇన్ని నెలలుగా ఆయన కింది ముక్కలే ముందు చదివి, తర్వాత పైవి చదువుతున్నారట. తాడి తన్నేవాడి తల తన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా.

నీ సంజాయిషీలో ఉన్న సంఖ్యా నేను ఒప్పుకున్న సంఖ్యా పక్కపక్కన పెట్టి ఆయన గుండీలు లెక్కవేయించారు. నువ్వు తీసినవీ నేను కలిపినవీ సరిసమానం. మనం ఏమీ చేయకపోయినా నీ బ్రాంచికి వెయ్యి పైనే వచ్చేవి. కాబట్టి లెక్కలో తప్పు లేదన్నారు. మనుషుల్లో ఉందన్నారు. నీ బ్రాంచి మూయరు. నిన్ను పిలిపించరు.

కానీ దొంగ గుండీలు కలిపినవాణ్ణి ఖర్చుల విభాగంలో ఉంచడం కుదరదన్నారు. నా పోస్టు తీసేశారు, ఆ జీతం మిగులు కింద రాశారు. శిక్షగా ఏదో ఒక బ్రాంచికి సహాయకుడిగా పోవాలి. "ఎక్కడికి వేస్తే నీకు బుద్ధొస్తుంది?" అని అడిగారు. తల వంచుకుని నీ బ్రాంచి పేరు చెప్పాను. అక్కడి లైబ్రేరియన్ చాలా గట్టిదని, నోరు మెదపనివ్వదని, లెక్క తప్పితే రెండో తరగతి పిల్లల్ని పిలుస్తుందని కూడా చెప్పాను. అయితే అక్కడికే పొమ్మన్నారు. మొహం కిటికీ వైపు తిప్పుకుని అన్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

జీతం తగ్గుతుంది. రెండు అద్దెలు ఒకటవుతాయి. రెండు పొయ్యిలు ఒకటవుతాయి. లెక్క వేశాను, మనకి లాభమే. కొట్టుకెళ్లి ఆ రెండో కుర్చీ తెచ్చెయ్యి. ఖర్చుల విభాగంలో ఇదే నా ఆఖరి మంజూరు.

ఇట్లు,
నీ సహాయకుడు

తా.క.: ఈ ఉత్తరానికి స్టాంపు లేదని చూసి ఉంటావు. పొదుపు కోసం నేనే పట్టుకొచ్చి లోపలికి పంపాను. నువ్వు చదవడం అయ్యేదాకా గుమ్మం దగ్గరే నిలబడతాను. గిన్నెలోంచి ఒక గుండీ తీసుకున్నాను గానీ డబ్బాలో వెయ్యను. సూదీ దారం తీసుకురా. ఎర్ర దారమైనా ఫరవాలేదు.