పదహారు మిల్లీమీటర్లు

చిత్తూరు,
బుధవారం

సుజనా,

ఫోనులో అడిగితే నవ్వి మాట మారుస్తావు, అందుకే రాస్తున్నాను.

నీ రేసుకారు మొత్తం రెండువందల నలభై కిలోలు. అంత తేలిక బండికి, నడిపే మనిషి బరువు తెలియకుండా స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలో తేల్చలేం. నీ బరువు అడిగితే ఏమన్నావు? "పోయినేడు అమ్మ మొక్కుకు కొండమీద తులాభారం తూగినాను గదన్నా, అరవై రెండు కిలోల బెల్లం. దేవుడి ముందర తూచినాక మళ్లీ తూకమేంది?" మన ఇంట్లో ఆ మాటకు ఎదురు చెప్పేదెవరు? నేనూ సరేనన్నాను.

ఆ లెక్కన నువ్వు కూర్చుంటే కారు వెనక భాగం ఇరవై మిల్లీమీటర్లు దిగాలి. ఆదివారం నువ్వు ఇక్కడికొచ్చి కూర్చుంటే, అదే కొలత స్ప్రింగులు మూడు జతలు మార్చినా పదహారే దిగింది. మలుపులో చక్రం నేల వదిలింది. స్ప్రింగులు చేసినాయన మీద కేకలేశాను. నిన్న మనసు ఆగక మండీ నుంచి అరవై రెండు కిలోల బెల్లం తెచ్చి నీ సీట్లో పెట్టాను. సరిగ్గా ఇరవై దిగింది. ఆయన తప్పేమీ లేదు.

అంటే ఏడాదిలో నువ్వు పన్నెండు కిలోలు తగ్గి యాభైకి వచ్చావు. అంత ఎండలో స్వెటరు ఎందుకు తీయలేదో ఇప్పుడర్థమైంది. అమ్మకింకా చెప్పలేదు.

శనివారం తిరుపతి వస్తున్నాను. ఇద్దరం డాక్టరు దగ్గరకు పోదాం, సాకులు చెప్పొద్దు.

నీ ఇప్పటి బరువుకు సరిపోయే మెత్తటి స్ప్రింగులు తెప్పించడం ఒక్కరోజు పని. తెప్పించను. యాభైకి బిగిస్తే, యాభైకి నేనూ ఒప్పుకున్నట్టే.

మీ అన్న