అయ్యగారికి వేరే పళ్ళెం పెట్టిన సంగతి

నా గువ్వా,

నువ్వూ, అవ్వా, మరిదీ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తూ కామారెడ్డి నుంచి మీ అక్క రాస్తున్నది. దేవుని దయవల్ల నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళ నొప్పి తప్ప వేరే బాధ లేదు. ఆ సంగతి అవ్వకు చెప్పకు. నువ్వు పంపిన చింతపండు అందింది. ఇక్కడ వానలు పట్టాయి. యుద్ధం వల్ల దీపానికి గ్యాసునూనె దొరకడం లేదు, అందుకని పొద్దుండగానే వంట ముగించి వసారాలో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు కోడి గీకినట్టున్నా కూడబలుక్కుని చదువుకో. నాకు ఈ నాలుగు ముక్కలు నేర్పింది ఇక్కడి పాఠశాల పెద్దయ్య గారే.

కొడుకు రాజయ్య పోయి ఏడాది నిండింది, ఇంకా అక్కడ ఎవరి కోసం ఉన్నావు, నాగిరెడ్డిపేటకు వచ్చేయి అని అవ్వ కబురు పంపింది. గువ్వా, నేను రాను. కోపంతో అనడం లేదు. ఎందుకు రానో నీకు రాస్తాను, నువ్వు అవ్వకు నెమ్మదిగా చదివి వినిపించు.

నా కొడుకు ఏసుప్రభువు వాక్యం నేర్పే ఈ వేదపాఠశాలలో చదవడానికి వస్తే వాడి వెంట నేను వంటమనిషిగా వచ్చాను. జ్వరం వాడిని తీసుకుపోయింది, నేను పొయ్యి దగ్గరే ఉండిపోయాను. మొన్న చలికాలంలో ఈ పాఠశాల కట్టించిన పెద్దయ్య గారు కూడా ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయారు. దీన్ని పైచదువుల కాలేజీ చేయాలని ఆయన ఆశ. వానాకాలం దాటేలోగా ఆయన స్థానంలో నిలబడి విద్యార్థులను భక్తిలో నడిపించే మనిషి దొరకకపోతే తాళం వేస్తామని మిషను పైవాళ్ళు కబురు పంపారు.

పెద్దయ్య గారు పెట్టిన పద్ధతి ఒకటుంది. మధ్యాహ్నం అందరూ ఒక్క వరుసలో కూర్చుని నా చేతి వంట తినాలి, ఆయనతో సహా. ఏ ఇంట్లో పుట్టావని ఎవరినీ అడగకూడదు. ఊర్లో మనల్ని వాకిలి తొక్కనివ్వని ఇండ్ల పిల్లలు ఇక్కడ మన రాజయ్య పక్కన కూర్చుని, నేను వడ్డించింది తిన్నారు. మొదటి రోజు వాడు వంటింట్లోకి వచ్చి, "అమ్మా, చూసినవా, ఒక్కలు గూడ లేచి పోలే" అన్నాడు. ఆ వరుస చెదిరిపోకూడదని నా పట్టుదల.

పోయిన నెల ఆ స్థానం కోసం సికింద్రాబాదు బండిలో ఒక అయ్యగారు దిగారు. పెద్ద చదువు, పెద్దింటి పుట్టుక. ఆయన ప్రసంగం చెబుతుంటే పిల్లలు కదలకుండా విన్నారు. ఇంతటి మనిషి నా చేతిది తింటాడా అని నాకు నేనే అనుకున్నాను. చిన్నప్పుడు పటేలు వాకిట్లో నేర్చుకున్న భయం కదా, ఇన్నేళ్ళయినా ఒంట్లోనే ఉంది. ఎవరూ చెప్పకుండానే పాఠశాల గుమాస్తా గారి భార్య రూతమ్మ చేత వేరే వండించి, ఇత్తడి పళ్ళెంలో ఆయన గదికి పంపించాను. రూతమ్మది కాపు ఇల్లు. ఆయన మూడు రోజులు గదిలోనే తిన్నారు.

ఇక నాకు కడుపు మండింది. బావి దగ్గరా, బియ్యం చెరిగే దగ్గరా, కనబడిన ప్రతివాళ్ళకూ, "చెప్పేది ప్రేమ, తినేది గదిల" అని చెప్పాను. ఆ మాట పిల్లలకు పోయింది, పెద్దలకు పోయింది. నాలుగో రోజు సంఘపెద్ద ఏసోబు అందరినీ పిలిచాడు. అయ్యగారు కూడా ఒక పక్కన కూర్చున్నారు. మేము ఆడవాళ్ళం తలుపు దగ్గర నిలబడ్డాం.

ఏసోబు మొహమాటపడే మనిషి కాదు. "వరుసల కూసోని మనిషి మనకెందుకు? మాపటి బండికి పంపుదాం" అన్నాడు.

గుమాస్తా గారు, "ఈయన గూడ పోతే ఇంకెవ్వరొస్తరు? తాళమే పడ్తది" అన్నారు.

అప్పుడు రూతమ్మ నా వీపు మీద పొడిచి, "అక్కా, నాతోని వండిపిచ్చింది నువ్వు. ఊరంత చాటినవ్ గని, గా మాటొక్కటి మింగినవేందే?" అని చెవిలో అంది. నిజంగా ఆ మాట నాకే గుర్తు లేదు గువ్వా. వేరు పెట్టింది నేను, నిందపడింది ఆయన మీద.

కొంగు సర్దుకుని ముందుకు పోయాను. "ఏందే ఎల్లవ్వా, కూర మాడిందా?" అని ఏసోబు వెక్కిరించాడు.

"కూర గాదు పెద్దమనిషీ, నేనే మాడిన. అయ్యగారు వేరే అడగలే. నేనే పంపిన. నా చేతిది తినడని నేనే అనుకున్న. తప్పు నాది."

అయ్యగారు లేచి, "ఈ అమ్మ చెప్పింది సగం నిజం. పళ్ళెం గదిలోకి వస్తే ఎందుకని నేనూ అడగలేదు. అడగకుండా ఉంటేనే నాకు సుఖంగా ఉండింది. ఆ తప్పు నాది. పంపితే పంపండి, పోయే ముందు ఒక్కపూట వరుసలో తిననివ్వండి" అన్నారు.

"ఒక్కపూట ఎవలైన తింటరు. ఏడాది తినాలె" అన్నాడు ఏసోబు.

"తింటాను."

ఆ మధ్యాహ్నం ఆయన వరుస దగ్గరకు వచ్చారు. పెద్దయ్య గారి చోటు ఖాళీగానే ఉంది, అక్కడ కూర్చోలేదు. నీకు ఇంతవరకూ రాయని సంగతి ఒకటుంది. రాజయ్య పోయినప్పటి నుంచి వరుస చివర రోజూ ఒక విస్తరాకు ఎక్కువ వేస్తున్నాను, అందరూ లేచాక తీసేస్తున్నాను. ఆయన నేరుగా అక్కడికే పోయి, "ఇక్కడ ఎవరన్నా ఉన్నారా అమ్మా?" అని అడిగారు.

"ఉండె. ఇప్పుడు మీరు కూసోండ్రి" అన్నాను.

అన్నం, పప్పు వడ్డించాను. మొదటి ముద్ద దగ్గర ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది, నేను చూశాను. తర్వాత తిన్నారు. పప్పు మళ్ళీ అడిగి వేయించుకున్నారు. నేను వంటింట్లోకి పోయి తలుపు చాటున ఏడ్చాను, మళ్ళీ వచ్చి మజ్జిగ పోశాను.

ఆయననే ఉంచుకుంటామని పెద్దలు పైవాళ్ళకు కాగితం రాసి పంపారు. తాళం పడదు. నేనూ ఆయనకు మొహం మీదే చెప్పాను: "అయ్యా, మళ్ళొక్కసారి గదిల తింటే నేను ఊకోను." ఆయన నవ్వి, "నువ్వు మళ్ళీ వేరే పంపితే నేనూ ఊరుకోను" అన్నారు.

అందుకే ఇప్పుడు రాను. నాట్లు అయ్యాక నాలుగు రోజులు వచ్చి పోతాను. నేను మీకు పంపిన రాజయ్య పెట్టెలోని ధోవతులు మరిదిని కట్టుకోమను. వాడి వేదపుస్తకం మాత్రం బస్సులో ఎవరైనా ఇటు వస్తే పంపించు, కొత్తగా చేరిన ఒక విద్యార్థికి పుస్తకం లేదు. అవ్వ కాళ్ళకు దండం పెట్టానని చెప్పు, నా మీద కోపం పెట్టుకోక దీవించమను. మరిదికి, వాడలో పెద్దలందరికీ నా వందనాలు. పిల్లలకు ముద్దులు.

నీ మేలు కోరే అక్క,
ఎల్లవ్వ

పసిదానికి పాలిస్తున్నావు, పొలం పని ఉందని పస్తులుండకు. వేళకు కడుపునిండా తిను.