దొరసానికి మందం

అద్దాల కొట్టు బావమరిదికి, వడ్రంగి బావ దీవెనలు.

ఇక్కడ నేను కులాసా. చేప కులాసా కాదు.

మీ పెద్దక్కకి మోకాలి ఆపరేషనని మీ అక్క వెళ్ళింది కదా. గుమ్మం దాటుతూ ఒకటే మాట అంది: "ఇల్లేమైనా ఫర్వాలేదు, దొరసాని జాగ్రత్త." దొరసానంటే అదే, నువ్వు కట్టిచ్చిన అద్దాల తొట్టిలో ఉండే గోల్డ్‌ఫిష్షు. నా చేతిలో ప్రాణమున్నదేదీ నిలవదని మీ అక్క గట్టి నమ్మకం. కుండీల్లో మొక్కలు ఎండిపోయాయి, చిలక ఎగిరిపోయింది, నిజమే. అందుకే దీన్ని మాత్రం నిగనిగలాడుతుండగా ఆవిడ చేతిలో పెట్టి, ఆ మాట మళ్ళీ అననీయకుండా చేయాలనుకున్నాను.

ఇవాళ పొద్దున చూస్తే వెల్లకిలా తేలుతోంది. పొట్ట పైకి, వీపు కిందికి. అయిపోయిందనుకుని స్టూలు మీద కూలబడ్డాను. కానీ మొప్పలు ఆడుతున్నాయి, కన్ను నా వైపే తిరుగుతోంది. తలకిందులుగా ఉండి కూడా నన్ను చూసి నోరు తెరిచింది. ఆకలేమో పాపమని ఇంకో పిడికెడు మేత వేశాను. నేను అటు వెళ్ళినప్పుడల్లా నోరు తెరుస్తుంది, తెరిచినప్పుడల్లా వేస్తాను. నా వైపు నుంచి లోటేమీ లేదు.

ఫోన్ చేస్తే నువ్వు ముందు నవ్వుతావు, తర్వాత నవ్వుతావు, మధ్యలో అద్దం కోస్తావు. అందుకే రాసి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. తిరుగు బస్సుకి జవాబివ్వు.

నీ బావ

తా.క. చేపకి నాడి ఎక్కడ చూడాలి? రెక్క పట్టుకుంటే విదిలించుకుంది.

*

మా చేపల డాక్టరు బావగారికి, చేతినిండా గాట్లున్న బావమరిది నమస్కారం.

నీ ఉత్తరం చదివి నవ్వలేదు. మీ చెల్లెలు సాక్షి. మడిచి జేబులో పెట్టుకున్నాక నవ్వాను.

ముందొక సందేహం. వెల్లకిలా ఉన్నది చేపేనా, నువ్వు మంచం మీద పడుకుని చూశావా?

సరే, మా కొట్టు పక్కనే రంగు చేపలమ్మేవాడు ఉన్నాడు. వాడికి నీ ఉత్తరం చదివి వినిపించా. సగం కూడా విననివ్వలేదు, రోగం చెప్పేశాడు. మందం, బావా! మందం ఎక్కువైంది. దానికి మందూ మాకూ ఏమీ వద్దు. అరగాలి, అంతే. అరిగేకొద్దీ దానంతటదే తిరుగుతుంది. కాకపోతే అరగడానికి టైం పడుతుంది, ఓపిక పట్టు.

"మగాళ్ళకి చేపనప్పజెప్పిన ప్రతి ఇంట్లో ఇదే గోల" అన్నాడు వాడు. నేనేం మాట్లాడలేదు. మా ఇంట్లో చేప లేదు కాబట్టి.

నీ బావమరిది

తా.క. మేత పూర్తిగా బందు పెట్టు. రెండ్రోజులాగి ఒక్క బఠాణీ గింజ ఉడకబెట్టి, తొక్క తీసి, నలిపి పెట్టు.

*

బావమరిదికి, చేయి నొప్పితో బావ రాయునది.

నీ తా.క.లు నమ్మే రోజులు పోయాయి. పెళ్ళైన కొత్తలో ఏం రాశావు? "తా.క. మా నాన్నకి చెవుడు, కాస్త గట్టిగా మాట్లాడు." వచ్చి సాయంత్రం దాకా మామగారి ముందు గొంతు చించుకున్నాను. ఆయన అల్లుడికే చెవుడనుకుని నాకంటే గట్టిగా అరిచాడు. వీధి వీధంతా వచ్చి నిలబడింది. అప్పట్నించీ నీ సంతకం కింద ఏముందో చదువుతాను గానీ చెయ్యను. బఠాణీకి తొక్క తీసి చేపకి పెట్టాలట! ఇంకా నయం, నీళ్ళు తాగించమనలేదు.

సంతకం పైన రాసింది మాత్రం మనసుకి పట్టింది. మందం! నాకెందుకు తట్టలేదో. స్కేలు తెచ్చి కొలిచాను. ఇంత చిన్న తొట్టికి అంత దళసరి అద్దం ఎవడు వెయ్యమన్నాడు నిన్ను? వెలుతురు సరిగ్గా లోపలికి పోవట్లేదు. పొట్టకి కాస్త ఎండ తగలాలని పాపం అది తిరగబడింది. ఇంత పనివాడివి, అద్దం కోసేటప్పుడు తెలియలేదా?

పోనీలే, తప్పు ఒప్పుకున్నావు, అదే పదివేలు. చెక్కయితే చిత్రిక పట్టేసేవాణ్ణి. అద్దం కాబట్టి గరుకు కాగితం తీసుకుని బయటి వైపు అరగదీస్తున్నాను. నువ్వన్నట్టే, అరగడానికి చాలా టైం పడుతోంది. పొడి నీళ్ళలో పడకుండా తొట్టి మీద దుప్పటి కప్పి, చుట్టూ తాడు కట్టాను. షాపు మూసేసి ఇదే పని.

నీ బావ

తా.క. ఇది నా తా.క., కాబట్టి నిజం. భుజం పట్టేసింది.

*

బావా! బావా! బావా!

ముందా గరుకు కాగితం కింద పెట్టు. పెట్టావా? ఇప్పుడు చదువు.

నీ ఉత్తరం పుణ్యమా అని చేతిలో ఉన్న నిలువుటద్దం వంకరగా కోశాను. కొనుక్కున్నాయన వచ్చి "నా మొహం ఒక వైపు లేదేమిటి" అంటున్నాడు.

మందమంటే అద్దం మందం కాదయ్యా మహానుభావా. పొట్ట మందం! చంటిపిల్లలకి పాలు అరక్కపోతే మందం చేసిందంటారే, ఆ మందం. నువ్వు వేసిన పిడికిళ్ళన్నీ మింగి దాని పొట్ట ఉబ్బిపోయింది. చేప లోపల చిన్న గాలి తిత్తి ఉంటుందట. నిలకడగా ఈదాలంటే అది సరిగ్గా ఉండాలి. ఉబ్బిన పొట్ట ఆ తిత్తిని నొక్కేస్తే చేప వెల్లకిలా తిరిగిపోతుంది. అరగాలన్నది మేత, అద్దం కాదు!

నిజంగా చెబుతున్నా బావా, ఈసారి ఎగతాళి కాదు. మేత ఆపెయ్. సంతకం పైనే రాశాను, చూసుకో. అక్క దాన్ని పిల్లలా చూసుకుంటుంది.

నీ బావమరిది

తా.క. ఇక్కడ ఏమీ లేదు. నువ్వెలాగూ నమ్మవు.

*

మాట మార్చిన బావమరిదికి, మారని బావ రాయునది.

అద్దంలో తప్పు బయటపడేసరికి నేరం తీసుకెళ్ళి నోరులేని దాని పొట్ట మీద వేశావు. వ్యాపారస్తుడివనిపించావు. నేను వడ్రంగిని, అరిగేదేదో అరగనిదేదో నాకు తెలుసు.

నీ మాటే నిజమైతే దీనికి జవాబు చెప్పు. మొదటి వైపు అరగదీసేసరికి చేప పక్కకి ఒరిగింది. రెండో వైపు అయ్యేసరికి ఏటవాలుగా వచ్చింది. నాలుగో వైపు పూర్తి చేసి, దుప్పటి అంచెత్తి టార్చి వేసి చూస్తే నిటారుగా ఈదుతోంది! తోక ఊపుతూ! చిన్నపిల్లాడిలా గంతులేశాను. టార్చి ఎందుకంటావా, అద్దం తెల్లగా మసకబారిపోయి స్నానాలగది కిటికీలా అయింది, పక్క నుంచి ఏమీ కనబడట్లేదు. వెలుతురు కూడా ముందుకంటే తక్కువే పోతోంది. అదెందుకో ఆలోచిస్తున్నాను.

మేతంటావా, ఆ తాళ్ళన్నీ విప్పి వెయ్యడానికి నాకు తీరికెక్కడిది? ఈ పని మొదలెట్టిన దగ్గర్నించీ ఒక్క మేత పలుకు కూడా వెయ్యలేదు. అయినా బాగుపడింది. చూశావా, ఆకలితో ఉండి కూడా!

నీ బావ

తా.క. పక్కింటావిడ లోపలికి తొంగిచూసి, కొంగుతో కళ్ళొత్తుకుని, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. నా కష్టం చూసి కాబోలు.

*

బావా,

నువ్వు గెలిచావు. పస్తు పెట్టి వైద్యం చేసి, పేరు గరుకు కాగితానికిచ్చావు. చేపలవాడికి చెబితే నీ ఫొటో ఒకటి కావాలన్నాడు, కొట్లో పెట్టుకుంటాడట.

ఒక్కటే అంతుపట్టట్లేదు. నువ్వు షాపుకెళ్ళి వచ్చే మనిషివి, ఇంట్లో ఉండేది పొద్దునా సాయంత్రమూ. ఎన్ని పిడికిళ్ళు వేసినా అంత మందం చెయ్యదంటున్నాడు చేపలవాడు. నీ చెయ్యి అంత పెద్దదా?

కొత్త అద్దాలు నాలుగు కోసి పెట్టాను. మా అక్క రాకముందే బిగించేద్దాం.

నీ బావమరిది

తా.క. గంతులేసేటప్పుడు భుజం జాగ్రత్త.

*

బావమరిదికి, బావ ఆశీస్సులు.

ఆలస్యమైపోయింది. మీ అక్క నిన్న ఏడుస్తూ బస్సు దిగింది.

పక్కింటావిడ ఫోన్ చేసిందట. "తొట్టికి దుప్పటి కప్పేసి తాడు కట్టేశాడమ్మా. పని మానేసి పొద్దస్తమానం పక్కనే కూర్చుని ఆ అద్దం నిమురుతూనే ఉన్నాడు. మనిషి తట్టుకోలేకపోతున్నాడు, నువ్వు రా" అందట.

నేను తాళ్ళు విప్పి దుప్పటి తీశాను. దొరసాని నిటారుగా పైకొచ్చి నోరు తెరిచింది. మీ అక్క ఏడుపాపి అద్దం చూసి, నన్ను చూసి, మళ్ళీ అద్దం చూసింది. "మీ తమ్ముడే అరగాలన్నాడు" అన్నాను. ఉత్తరాలు చూపించాను. మందమంటే ఏమిటో అప్పుడు చెప్పింది. ఆవిడ మాటకి సంతకమూ తా.కా ఉండవు కాబట్టి నమ్మాను.

"అయితే చచ్చేలా తినిపించావన్నమాట" అని మొదలెట్టబోతుంటే పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. బతికున్న చేపని చూసి చేతులు జోడించి, "అయ్యో, నేనేమో పోయిందనుకుని మేత వెయ్యడం మానేశానే!" అంది.

మీ అక్కా నేనూ ఒకేసారి ఆవిడ వైపు తిరిగాం.

సంగతేమిటంటే, మీ అక్క వెళ్ళేముందు ఇంకో తాళంచెవి, ఇంకో మేత డబ్బా ఆవిడ చేతిలో పెట్టి, నేను మర్చిపోతానని, చేపకి రోజూ మూడుపూటలా వెయ్యమని చెప్పి వెళ్ళిందట. నేను షాపులో ఉన్నంతసేపూ ఆవిడ, ఇంట్లో ఉన్నంతసేపూ నేను.

మీ అక్క కుర్చీలో కూర్చుంది. "నీ మీద నమ్మకం లేక కాదు" అంది.

"మరెందుకు?" అన్నాను.

కొంగుతో ఆ మసక అద్దం తుడిచి చూసింది. "నమ్మకం లేకే" అంది.

నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. పక్కింటావిడ మాత్రం ఇంకా మేత వెయ్యొచ్చా అని అడుగుతోంది.

పెద్దక్క ఇంకా నడవట్లేదు కాబట్టి ఇవాళ మీ అక్క మళ్ళీ వెళ్ళింది. వెళ్తూ పక్కింటికెళ్ళి ఆ తాళంచెవీ ఆ డబ్బా వెనక్కి తెచ్చి నా చేతిలో పెట్టింది. చేప గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. బావమరిదీ, ఇన్నేళ్ళలో ఆవిడ నాకేమీ చెప్పకుండా గుమ్మం దాటడం ఇదే మొదటిసారి.

నీ బావ

తా.క. కొత్త అద్దాలు తేవద్దు. ఈ మసకలో నేను దానికి కనబడను, అది నోరు తెరవదు. పక్క నుంచి వెళ్ళినా నా చెయ్యి డబ్బా మీదికి పోదు. మా ఇద్దరికీ ఇదే ఆరోగ్యం.