మబ్బు కింద గీసిన గీత

అక్కా,

నీ బడి పొగకి బయట ఉందని మ్యాపులో చూపించిన ఆ గీత గీసింది నేను. అది తప్పు గీత. ఇందులో నీ తప్పు ఇసుమంత కూడా లేదు.

ఇక్కడ అంతా క్షేమం అని రాసే మొహం నాకు లేదు. తింటున్నాను, పనికి వెళ్తున్నాను, అంతే.

నీ ఉత్తరంలో అడిగావు: "ఒరే, మ్యాపు నేనే తప్పు చదివానా? పసుపు రంగు దుమ్ము, బూడిద రంగు పొగ అని నువ్వు చెప్పింది తిరగేసి గుర్తుపెట్టుకున్నానా?" లేదు. సరిగ్గానే చదివావు. అడవి మంటల పొగ ఏటి అవతలే ఆగిందని మ్యాపులో ఉంది. అందుకే బయట తెల్లగా కమ్మింది మంచు అనుకుని పిల్లల్ని పరుగు నేర్పడానికి మైదానంలోకి తీసుకెళ్లావు. పదకొండు మంది దగ్గుతో కూలబడ్డారు. చిన్న పాపకి రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు.

నా పని గురించి నీకెప్పుడూ గొప్పలే చెప్పాను. ఇప్పుడు అసలు సంగతి విను. ఉపగ్రహం పంపిన చిత్రం మీద పొగ ఎంతవరకు ఉందో చుట్టూ గీస్తాం. పొద్దున ఏడున్నరకల్లా మ్యాపు వెళ్లిపోవాలి. మబ్బు అడ్డం వస్తే కింద ఏముందో తెలియదు. అక్కడ అడ్డగీతలు కొట్టి 'కనిపించలేదు' అని రాయాలి. ఆ రోజు ఆ ఒక్క మాట రాయడానికి నాకు చేతులు రాలేదు.

అంతకు వారం ముందు రాస్తే, పక్క సీటులోని డిగ్రీ మనిషి "ఏం వీడియో ఇంజనీరూ, మబ్బుల పాఠం ఇంకా చూళ్లేదా?" అన్నాడు. వీడియోలు చూసి పని నేర్చుకున్నానని నాకు వాళ్లు పెట్టిన పేరు అది. గదంతా నవ్వింది. పళ్లు నూరుకుంటూ నేనూ నవ్వాను. అందుకే ఆ రోజు మీ ఊరి మీద మబ్బు కమ్మి ఉంటే, ముందురోజు గీతనే కాపీ చేసి పెట్టేశాను. గాలి తెల్లారకముందే తిరిగిందట. మధ్యాహ్నం మబ్బు విడిపోయాక చూస్తే నీ బడి పొగ మధ్యలో ఉంది. పెద్దసారుకి మబ్బు అడ్డొచ్చిందన్న సగమే చెప్పాను. "మబ్బుకి నువ్వేం చేస్తావయ్యా, వదిలెయ్" అన్నారు. వదిలేశాను.

ఇంకొకటి ఉంది. అది రాయకపోతే పైన రాసిందంతా దొంగ ఏడుపే. 'నా అజాగ్రత్త వల్లే జరిగింది' అని నువ్వు సంతకం పెట్టావని, నిన్ను మైదానం పని నుంచి తప్పించారని చదివినప్పుడు నాకు మొదట కలిగింది బాధ కాదు. హమ్మయ్య అనిపించింది. ఇక నా దాకా ఎవరూ రారులే అని. తొమ్మిది రోజులు అలాగే అన్నం తిన్నాను.

నీ మీద కూడా మండిపోతోంది. ఒక్క మాట అడగకుండా సంతకం ఎలా పెట్టావు? చిన్నప్పుడు నేను పగలగొట్టిన వాటికి నువ్వు తిన్న దెబ్బలు చాలవా?

ఈ ఉదయం కాపీ చేశానని పెద్దసారుకి రాసిచ్చాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చూడాలి. ఆ రెండు రోజుల మ్యాపులూ ఇందులో పెట్టాను. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే గీత ఒకటేనని ఎవరికైనా అర్థమవుతుంది.

వీటితో పాటు ఈ ఉత్తరం మీ హెడ్మాస్టరుగారి చేతిలో పెట్టు. నీ సంతకం వెనక్కి తీసుకో. పాప వాళ్లమ్మకి కూడా చదివి వినిపించు. తిడితే తిట్టనీ. గురువారం సాయంత్రంలోగా 'ఇచ్చాను' అని నీ జవాబు నాకు అందాలి. అందకపోతే శుక్రవారం మొదటి గంటకి మీ బడి ముందు నిలబడి నేనే చదువుతాను.

ఇట్లు,
ఇక వెనకేసుకురావద్దని చెబుతున్న
నీ తమ్ముడు